లివా ఎడారిలో రెండు రాత్రులు: 38 మంది, సొంత టెంట్లు, సొంత వంట. సలహాలు కావాలి

పడమటిగాలి (దుబాయ్), నవంబరు 4, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారాంతంలో మా మిత్రబృందం అబుదాబి ఎమిరేట్ దక్షిణాన ఉన్న లివాకు వెళ్ళాలని అనుకుంటోంది. పదకొండు కుటుంబాలు, పిల్లలతో కలిపి 38 మంది. డబ్బు కడితే ఒంటె ఎక్కించి, బఫే పెట్టి, రాత్రి పదింటికి ఇంటికి పంపించే ఎడారి శిబిరం మాకు వద్దు. అది అందరూ చూసిందే. మా టెంట్లు, మా నీళ్ళు, మా వంట. కరెంటు ఉండదు, ఫోను సిగ్నల్ కూడా లేకపోతే మరీ మంచిది.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులు ముగియగానే బయలుదేరి, రెండు రాత్రులు ఉండి, ఆదివారం సాయంత్రానికి తిరిగి రావాలన్నది ఆలోచన. ప్యాట్రోల్‌లు మూడు, ప్రాడోలు రెండు, పజేరో ఒకటి ఉన్నాయి, ఇవి ఫోర్ వీల్ బండ్లు. మిగిలిన ఐదూ మామూలు క్రాసోవర్లు, అంటే ఎస్‌యూవీలా కనిపించే కార్లు. అక్కడి పెద్ద ఇసుక దిబ్బ మోరీబ్‌కు దక్షిణంగా పదిహేను కిలోమీటర్లు లోపలికి ఎవరో దిగిన ఫోటోలు చూశాం. అక్కడే దిగాలని అందరి కోరిక.

ఏం తీసుకెళ్ళాలి, ఏం వద్దు, ఎవరైనా అనుభవమున్నవారు చెప్పగలరా?

పులిహోర_ప్రభుత్వం (షార్జా), నవంబరు 4, రాత్రి 9.52

అడిగింది అన్నీ సరే, భోజనాల సంగతి ఒక్క మాట కూడా లేదేమిటి? 38 మంది తెలుగువాళ్ళను ఎడారిలోకి తీసుకెళ్ళి బ్రెడ్డు ముక్కలు పెడితే రెండో రోజు ఉదయానికి మీ నాయకత్వం మీద అవిశ్వాస తీర్మానం వస్తుంది.

ఇసుకదారి (అబుదాబి), నవంబరు 4, రాత్రి 11.15

పడమటిగాలి గారూ, ముందుగా ఒక ప్రశ్న. ఆరు ఫోర్ వీల్ బండ్లు ఉన్నాయన్నారు. వాటిని ఇసుకలో నడిపినవారు ఎందరు? బండి ధర చూసి ఇసుక దారి ఇవ్వదు.

రబ్ అల్ ఖాలీ ఎడారి విస్తీర్ణం దాదాపు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అందులో సగానికి రావు. లివా దాని ఉత్తరపు అంచు మాత్రమే, కానీ ఆ అంచులోనే మోరీబ్ లాంటి మూడు వందల మీటర్ల దిబ్బలున్నాయి. దుబాయ్ దగ్గర అల్ కుద్రాలో ఇరుక్కుంటే ఫోను చేసిన గంటలో ఎవరో ఒకరు వచ్చి లాగుతారు. మోరీబ్‌కు పదిహేను కిలోమీటర్లు లోపల ఇరుక్కుంటే ఆ ఒకరు ఎవరో మీరే నిర్ణయించుకుని వెంట తీసుకెళ్ళాలి.

క్రాసోవర్లు ఇసుకలోకి రావు. "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా" అని ఎవరో అంటారని తెలుసు, అందుకే ముందే చెబుతున్నాను. నేలకూ బండి అడుగుకూ మధ్య ఎత్తు చాలదు, నెమ్మదిగా, బలంగా లాగే లో రేంజ్ గేరు ఉండదు, నాలుగు దిబ్బలు దాటేసరికి గేర్‌బాక్సు వేడెక్కి హెచ్చరిక దీపం వెలుగుతుంది. ఇంకో సంగతి. బండి బీమాలో ఎడారి ప్రయాణానికి రక్షణ ఉందో లేదో పాలసీ కాగితం తీసి చదవండి. చాలా పాలసీల్లో ఉండదు, విడిగా చేర్చుకోవాలి. అద్దె బండి అయితే తారు రోడ్డు దిగిన క్షణం నుంచి బాధ్యత అంతా మీదే.

కొత్తబండి (దుబాయ్), నవంబరు 5, ఉదయం 7.30

ఆ ఐదు క్రాసోవర్లలో ఒకటి నాది. మా షోరూం వాళ్ళు ఇసుక మోడ్ బటన్ చూపించి మరీ అమ్మారు. దాని మాటేమిటి?

ఇసుకదారి, నవంబరు 5, ఉదయం 7.41

ఆ బటన్ సముద్రపు ఒడ్డున పార్కింగుకు పనికొస్తుంది.

ట్యాంకరన్న (పశ్చిమ ప్రాంతం), నవంబరు 5, రాత్రి 10.20

నాది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ చాలా ఏళ్ళుగా నీళ్ళ ట్యాంకరు నడుపుతున్నాను. మీలాంటి చదువుకున్నవారు డబ్బు పెట్టి మరీ ఎడారిలో పడుకోవాలనుకోవడం చూస్తే నవ్వు వస్తుంది, కోపం మాత్రం లేదు. మా ఊరివాళ్ళు కొందరు కువైట్‌లో గొర్రెలు కాస్తూ ఇదే పని ఏడాది పొడవునా చేశారు. వాళ్ళను అడిగితే ఎడారి గురించి ఒకే మాట చెబుతారు: నీళ్ళ లెక్క తప్పితే అంతా తప్పినట్టే.

ఆ లెక్క చేసి చూడండి. మనిషికి రోజుకు ఐదు లీటర్లు, అంటే తాగడానికి, వంటకు, చేతులు కడుక్కోవడానికి. స్నానం ఇందులో లేదు. 38 మందికి రెండున్నర రోజులకు 475 లీటర్లు. బండి ఇరుక్కుని ఇంకో రోజు ఉండిపోవలసి వస్తే మరో 190. మొత్తం 665. ఇంట్లో వాడే ఐదు గ్యాలన్ల సీసాలు ముప్పై అయిదు. బరువు ఆరు వందల అరవై కిలోలు దాటుతుంది. ఆరు బండ్లలో 38 మందిని కుక్కి, టెంట్లు కట్టి, ఆ పైన ఈ నీళ్ళు ఎక్కడ పెడతారు? పైకప్పు మీద వేస్తే దిబ్బ మీద బండి పక్కకు పడుతుంది.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. లివాకు దక్షిణాన షా గ్యాస్ క్షేత్రం ఉంది. అక్కడి గ్యాసులో హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా ఎక్కువ. గాలికన్నా బరువైనది, పల్లంలో చేరుతుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ వాసన కూడా తెలియదు. కంచెలూ, హెచ్చరిక బోర్డులూ కనిపిస్తే అది ఫోటో తీసుకునే చోటు కాదు, వెనక్కి తిరగాలి. ఇంకా దక్షిణంగా పోతే సౌదీ సరిహద్దు. దారి తప్పామని చెప్పినా అక్కడ ఎవరూ ముచ్చటపడరు.

పడమటిగాలి, నవంబరు 5, రాత్రి 10.58

ట్యాంకరన్న గారూ, మీ లెక్క మా బృందంలో పెట్టాను. అరగంట ఎవరూ ఏమీ రాయలేదు. తర్వాత మూడు కుటుంబాలు "మేము వచ్చే ఏడాది చూస్తాం" అన్నాయి. నీళ్ళ లెక్కే జనాన్ని తగ్గించేలా ఉంది.

మంజీర (అబుదాబి), నవంబరు 6, సాయంత్రం 6.05

అందరూ బండ్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మిగతావి నేను అడుగుతాను. నేను నర్సును, ఇలాంటి శిబిరాలకు పిల్లలతో వెళ్తుంటాను.

మరుగుదొడ్డి ఏర్పాటు ఏమిటి? మగవాళ్ళు వేసే ప్రతి ప్రణాళికలోనూ "దిబ్బ వెనక్కి వెళ్ళొచ్చు" అన్న ఒక్క వాక్యంతో ఇది ముగుస్తుంది. చీకట్లో, చలిలో, ఏడేళ్ళ ఆడపిల్లను వెంటబెట్టుకుని దిబ్బ వెనక్కి వెళ్ళేది ఎవరో వాళ్ళకు పట్టదు. ఫలితంగా ఆడవాళ్ళు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు, మర్నాటికి తలనొప్పి, మూత్రంలో మంట. మడత కుర్చీలాంటి టాయిలెట్ సీటు, నిలువుగా నిలబడే చిన్న గుడారం ఏ క్యాంపింగ్ దుకాణంలోనైనా దొరుకుతాయి. సీటు కింద బిగించే సంచులు, వాటిలో వేసే గడ్డకట్టించే పొడి కూడా అమ్ముతారు. సంచి మూతి కట్టి, మూత ఉన్న బకెట్టులో వేసి తిరిగి తెచ్చేయండి. పొడి ఇసుకలో పాతిపెట్టినది త్వరగా కుళ్ళదు, గాలి నాలుగు రోజుల్లో బయటపెడుతుంది. నలుగురైదుగురు ఆడవాళ్ళకు ఒక గుడారం చొప్పున పెట్టండి, శిబిరానికి గాలివాలుగా, లోపల ఒక దీపంతో.

రెండోది చలి. డిసెంబరులో పగలు పాతిక డిగ్రీలు ఉంటుంది కదా అని పలుచని దుప్పట్లు తెస్తారు. రాత్రి పదికి, అంతకన్నా కిందికి కూడా పడిపోతుంది. తెల్లవారుజామున మంచు కురిసి టెంటు పైగుడ్డ పిండితే నీళ్ళు కారేలా తడుస్తుంది. చలి పైనుంచి కాదు, కిందనుంచి ఎక్కుతుంది. కాబట్టి కప్పుకునే దుప్పటికన్నా పరుచుకునే చాప మందంగా ఉండాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. ఎంత చలేసినా నిప్పుల కుంపటిని టెంటులోకి తీసుకెళ్ళకండి. మంట ఆరి బొగ్గు ఎర్రగా ఉన్నప్పుడే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు, దగ్గు కూడా రాదు. నిద్రలోనే అయిపోతుంది. బండి ఇంజను ఆన్ చేసి, అద్దాలు మూసి లోపల పడుకోవడం కూడా అంతే ప్రమాదం, ముఖ్యంగా సైలెన్సరు ఇసుకలో కూరుకుపోయి ఉంటే.

నక్షత్రకుడు (అల్ ఐన్), నవంబరు 6, రాత్రి 8.30

పేరుకు తగ్గట్టే వెంటపడి అడుగుతున్నాను: రెండో వారాంతం అని ఊరికే అన్నారా, ఆలోచించి అన్నారా? డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలు ఉధృతంగా రాలతాయి. ఏడాదిలో చూడదగిన ఉల్కాపాతాల్లో ఇదొకటి. అర్ధరాత్రి దాటాక నడినెత్తిన మిథున రాశి ఉంటుంది, టెలిస్కోపు అక్కర్లేదు, చాప వేసుకుని వెల్లకిలా పడుకుంటే చాలు. తేదీ ఖాయం చేసే ముందు చంద్రుణ్ణి చూసుకోండి. పౌర్ణమి దగ్గర పడితే ఇంత దూరం వెళ్ళి పుచ్చపువ్వులాంటి వెన్నెల చూసి రావడమే.

రాత్రి పది తర్వాత దక్షిణ దిక్కున బాగా కిందుగా ఒక పెద్ద చుక్క కనిపిస్తుంది. అరబ్బులు సుహైల్ అంటారు. ఆగస్టు చివర తెల్లవారుజామున అది మొదటిసారి కనబడితే ఎండలు తగ్గుముఖం పట్టినట్టు వాళ్ళ లెక్క. మన పంచాంగాల్లోని అగస్త్య నక్షత్రం అదే. లివాలో పల్లంలో దిగితే దిబ్బ అడ్డొచ్చి అది కనబడదు, దక్షిణం తెరిచి ఉన్న చోటు ఎంచుకోండి.

ఇసుకదారి, నవంబరు 6, రాత్రి 9.10

చుక్క కోసం దిబ్బ శిఖరం మీద మాత్రం దిగకండి. గాలి అక్కడే ఎక్కువ.

చోటు విషయం వచ్చింది కాబట్టి చెబుతాను. దిబ్బకు రెండు ముఖాలుంటాయి. గాలి తగిలే వైపు వాలు నెమ్మదిగా, గట్టిగా ఉంటుంది. అవతలి వైపు ఇసుక జారి పడి ముప్పై డిగ్రీలు దాటిన నిట్ట వాలు ఏర్పడుతుంది, అడుగు పెడితే మోకాలి దాకా దిగుతుంది. ఆ నిట్ట వాలు కింద మలుపులో గాలి తగలకుండా హాయిగా కనిపిస్తుంది, అందరూ అక్కడే టెంటు వేస్తారు. కానీ రాత్రి ఇసుకలో నడిపే మోటారు బగ్గీలు వేసుకుని తిరిగే కుర్రాళ్ళు అవతలి వైపు నుంచి ఎక్కి శిఖరం దాటేది అక్కడికే. కింద మనుషులు ఉన్నారని వాళ్ళకు గాలిలోకి లేచేదాకా తెలియదు. అందుకని టైర్ల గుర్తులు లేని చోటు చూడండి. బండ్లను వాలు వైపు గోడలా నిలిపి, వాటి వెనక టెంట్లు వేయండి, ఎత్తైన కర్రకు దీపం కట్టి రాత్రంతా వెలిగించండి.

దిబ్బల మధ్య బల్లపరుపుగా, తెల్లగా ఉప్పు పొర కట్టి కనిపించేది సబ్ఖా. చూస్తే క్రికెట్ ఆడుకోవచ్చు అనిపిస్తుంది. వాన పడ్డాక దాని మీదికి బండి తీసుకెళ్తే పైపొర విరిగి కింద బురదలో ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఇసుకలో ఇరుక్కున్న బండిని అరగంటలో తీయొచ్చు. సబ్ఖాలో ఇరుక్కున్న బండికి ఒక రోజు పడుతుంది.

టెంటు మేకులు ఇసుకలో నిలవవు. ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, మోచేయి లోతున పాతండి. ఎంత గాలికీ కదలవు.

పులిహోర_ప్రభుత్వం, నవంబరు 7, మధ్యాహ్నం 1.15

చివరికి నా శాఖకు వద్దాం. చింతపండు పులిహోర శుక్రవారం ఉదయం కలిపితే శనివారం మధ్యాహ్నం దాకా నిక్షేపంగా ఉంటుంది, నూనె కొంచెం ధారాళంగా వేయాలి. నిమ్మకాయది వద్దు. చపాతీలు, గోంగూర పచ్చడి, కారప్పొడి, అరటికాయ చిప్స్. పెరుగన్నం తెస్తే పాలెక్కువ, తోడు తక్కువ వేసి ఐసు పెట్టెలో తెండి, లేకపోతే దారిలోనే పుల్లబడుతుంది. శనివారం రాత్రికి మాత్రం దమ్ బిర్యానీ. ఇది చర్చకు అతీతం.

ట్యాంకరన్న, నవంబరు 7, రాత్రి 9.45

బిర్యానీకి బియ్యం కడగడానికి ఎన్ని నీళ్ళు పోస్తారో ఎప్పుడైనా కొలిచారా? అందరికీ వండే బియ్యం మూడు నీళ్ళు కడిగి, ఎసరు పెట్టి, గంజి వార్చేసరికి ఒక సీసా పోతుంది. ఆ తర్వాత నూనె జిడ్డుతో ఆ గిన్నె. ఎడారిలో గిన్నె ఇసుకతో తోమాలి, చివర గుడ్డతో తుడవాలి. దానికి మీ ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకుంటారో లేదో కనుక్కోండి.

మంజీర, నవంబరు 7, రాత్రి 9.58

గిన్నె మగవాళ్ళు తోమినా ఒప్పుకుంటాం.

పులిహోర_ప్రభుత్వం, నవంబరు 7, రాత్రి 10.30

రాజీ ప్రతిపాదన. మాంసం ఇంట్లోనే మసాలా పట్టించి గట్టిగా చల్లబరిచి తెస్తాం. బియ్యం ఇంట్లోనే కడిగి, సగం ఉడికించి, వార్చి, ఆరబెట్టి తెస్తాం. అక్కడ పొరలు వేసి మూత బిగించడమే. నీళ్ళు ఒక్క గ్లాసు. స్టవ్వు చుట్టూ గాలికి అడ్డం రేకు పెట్టాలి, అది లేకపోతే గంటకు కూడా అడుగు వేడెక్కదు. మూత తీసేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడాలి, లేకపోతే కరకరలాడే బిర్యానీ తినాలి.

ఇసుకదారి, నవంబరు 7, రాత్రి 10.44

ఇప్పుడు బాగుంది. చలిమంట నేల మీద నేరుగా వేయకండి, కాళ్ళున్న ఇనుప తొట్టిలోనే. ఆరిపోయిన బొగ్గులను ఇసుకతో కప్పి వెళ్ళిపోవడం ఇక్కడ పెద్ద దురలవాటు. ఇసుక కింద బొగ్గు గంటల తరబడి నివురుగప్పి ఉంటుంది, మర్నాడు వేరే వాళ్ళ పిల్లవాడు ఒట్టి కాళ్ళతో పరుగెత్తుతూ దాని మీద అడుగేస్తాడు. నీళ్ళు పోసి ఆర్పి, చల్లబడ్డాక బూడిదతో సహా సంచిలో ఎత్తండి.

కట్టెలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. దారిలో ఘాఫ్ చెట్లు కనిపిస్తాయి, ఎండు కొమ్మే కదా అని విరవకండి, చట్టం ఒప్పుకోదు. అది ఈ దేశపు జాతీయ వృక్షం.

నక్షత్రకుడు, నవంబరు 7, రాత్రి 11.02

ఘాఫ్ అంటే మన జమ్మి చెట్టే. తెలంగాణ రాష్ట్ర వృక్షం కూడా అదే. దసరాకు ఆకు బంగారమని పంచుకుని డిసెంబరులో కొమ్మ విరిచి పొయ్యిలో పెడతామా?

కొత్తబండి, నవంబరు 8, ఉదయం 8.20

ఎడారికి బదులు హత్తా కొండల వైపు ఏదైనా వాదీలో, అంటే కొండవాగులో, దిగితే ఎలా ఉంటుంది? గులకరాళ్ళ దారి కాబట్టి నా బండి కూడా వస్తుంది. నీడ ఉంటుంది, పిల్లలకు నీళ్ళు ఉంటాయి.

ఇసుకదారి, నవంబరు 8, ఉదయం 9.05

ఆకాశం నిర్మలంగా ఉన్న వారంలో మంచి ఆలోచనే, కానీ వాగు అడుగున మాత్రం టెంటు వేయకూడదు. వాన మీ నెత్తిన పడనక్కర్లేదు, పైన కొండల్లో పడితే చాలు, గంటలో నీళ్ళు మీ దగ్గరుంటాయి. 2024 ఏప్రిల్ 16 గుర్తుంది కదా? అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల లోపే 254.8 మిల్లీమీటర్లు కురిసింది. అప్పటికి ఏడాది ముందే, 2023లో, పొంగే వాదీలోకి బండి తీసుకెళ్తే 2,000 దిర్హామ్‌ల జరిమానా, లైసెన్సు మీద 23 బ్లాక్ పాయింట్లు, 60 రోజులు బండి స్వాధీనం అని నియమం తెచ్చారు. వెళ్ళే ముందు రోజు జాతీయ వాతావరణ కేంద్రం హెచ్చరికలు చూడకుండా బయలుదేరేవారితో నేనైతే వెళ్ళను.

పడమటిగాలి, నవంబరు 9, రాత్రి 9.30

వాదీ సంగతి ఓటుకు పెట్టాం, ఇసుకే గెలిచింది. ఇప్పటికి తేలింది ఇది. ఆరు కుటుంబాలు, 21 మంది. రెండు రాత్రులు కాదు, శనివారం పొద్దున బయలుదేరి ఒక్క రాత్రి. నీళ్ళు ట్యాంకరన్న గారి సూత్రం ప్రకారం ఒకటిన్నర రోజుకు 157 లీటర్లు, అదనపు రోజుకు 105, మొత్తం 262. అంటే పద్నాలుగు సీసాలు. ఇవి అన్ని బండ్లలోనూ సర్దుతాం, ఒక్క దానిలోనే పెట్టం.

నాకు ఇంకా తేలనివి రెండున్నాయి. ఒకటి, మా మామగారు హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నారు, రోజూ ఇన్సులిన్ తీసుకుంటారు, వస్తానని పట్టుబట్టారు. రెండు, పదిహేను కిలోమీటర్లు లోపలికి వెళ్ళాలా వద్దా అన్న దగ్గర బృందం రెండుగా చీలింది. లోపలికి వెళ్ళకపోతే అది ఎడారే కాదని ఒక వర్గం వాదన.

మంజీర, నవంబరు 9, రాత్రి 10.10

మామగారిని నిస్సంకోచంగా తీసుకెళ్ళండి, కానీ ఆయన సీటు తారు రోడ్డుకు దగ్గరగా ఉండే శిబిరంలోనే. మీ రెండో ప్రశ్నకు కూడా జవాబు అదే.

వాడుతున్న ఇన్సులిన్ పెన్ను చాలా రకాల్లో 30 డిగ్రీల లోపు కొన్ని వారాలు బాగానే ఉంటుంది, డిసెంబరులో ఐసు కూడా అవసరం పడదు. ప్రమాదం రెండు చోట్ల. ఎండలో ఆపిన బండి డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే పాడవుతుంది. అతి జాగ్రత్తకు పోయి ఐసుగడ్డకు ఆనించి పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టింది కరిగినా పనికిరాదు. తువ్వాలులో చుట్టి డబ్బాలో పెట్టి, టెంటు నీడలో ఉంచండి. ఇంకో పెన్ను వేరే బండిలో. ఇసుకలో నడక మామూలు నడకకన్నా ఎక్కువ శ్రమ, కాబట్టి చక్కెర పడిపోయే అవకాశం ఇంట్లోకన్నా ఎక్కువ. గ్లూకోజ్ బిళ్ళలు ఆయన జేబులోనే ఉండాలి, మీ జేబులో కాదు.

పిల్లలకు: బూట్లు వేసుకునే ముందు తిరగేసి దులపడం నేర్పండి. అతినీల కాంతి వెలువరించే చిన్న టార్చి ఒకటి కొనండి, ఆ వెలుతురులో తేలు పచ్చగా మెరుస్తుంది. వెతకడం పిల్లలకు ఆటలా ఉంటుంది, చేతికి కర్ర మాత్రం ఇవ్వకండి. రాత్రి చెప్పులు బయట వదిలేస్తే నక్కలు ఎత్తుకుపోతాయి.

ఇసుకదారి, నవంబరు 9, రాత్రి 11.20

మంజీర గారు నా పని తేలిక చేశారు. నా సూచన ఇది. లివాలోని మెజైరా ఊరి నుంచి మోరీబ్ దాకా మంచి తారు రోడ్డు ఉంది. మోరీబ్ దగ్గర గట్టి నేల మీద క్రాసోవర్లు ఆపండి. అక్కడి నుంచి కిలోమీటరు, ఒకటిన్నర లోపు చాలు. మొదటి పెద్ద దిబ్బ దాటితే రోడ్డు కనబడదు, వినబడదు. పదిహేనో కిలోమీటరులో కనిపించే ఇసుక కూడా అదే ఇసుక. తేడా ఏమిటంటే ఇక్కడి నుంచి అర్ధరాత్రి ఎవరికైనా బాగోలేకపోతే నడిచి కూడా రోడ్డెక్కొచ్చు. డిసెంబరులో అక్కడ లివా ఉత్సవం మొదలైతే ఇంజన్ల మోతకు నిద్ర ఉండదు, అందుకే తేదీ ఖాయం చేసే ముందు ఉత్సవం ఎప్పుడో చూసుకోండి.

ఆరు బండ్లూ నడిపేవారికి కొన్ని మాటలు. టైర్లలో గాలి 35 నుంచి 15 పీఎస్‌ఐకి దించాలి. టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది, దించకపోతే కోసుకుంటూ దిగుతుంది. గాలి తగ్గాక మలుపు గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. కదలకపోతే యాక్సిలరేటరు తొక్కడం వెంటనే ఆపాలి, చక్రం ఎంత తిరిగితే అంత గొయ్యి. వచ్చిన జాడలోనే వెనక్కి వెళ్ళాలి, లేకపోతే దిగి పారతో తవ్వాలి. మిట్టమధ్యాహ్నం దిబ్బ వాలు కంటికి ఆనదు, నీడ ఉండదు కాబట్టి ఎత్తూ పల్లమూ ఒక్కలా కనిపిస్తాయి. మూడు దాటాక దిగండి, కానీ ఐదున్నరకల్లా పొద్దు గూకుతుంది, ఆ లోపు టెంట్లు నిలబడాలి.

ప్రతి రెండు బండ్లకు ఒక పార, సాగే తాడు, దాన్ని బండికి తగిలించే ఇనుప షాకిళ్ళు. తాడు కట్టేది బండి ముందూ వెనకా లాగడానికి ఇచ్చిన కొక్కేనికి మాత్రమే. ట్రెయిలరు తగిలించే బంతికి కడితే అది తెగి తుపాకి గుండులా వస్తుంది. లాగేటప్పుడు పిల్లలు, ఫోటోగ్రాఫర్లు తాడుకు దూరంగా. గాలి మళ్ళీ నింపే కంప్రెసర్లు కనీసం రెండు. మెజైరాలో ట్యాంకు పూర్తిగా నింపండి, ఇసుకలో ఇంధనం దాదాపు రెట్టింపు తాగుతుంది.

ముందు బండి నడిపేవాడి మాట వినాలి. 21 మందిలో నలుగురు నాయకులుంటే నేను రాను.

పడమటిగాలి, నవంబరు 10, ఉదయం 6.50

"నేను రాను" అన్నారంటే వచ్చే ఆలోచన ఉందన్నమాట!

ఇసుకదారి, నవంబరు 10, ఉదయం 7.15

షరతులు వర్తిస్తాయి. ముందు వారం అల్ కుద్రా దగ్గర ఒక పూట ఆరుగురు డ్రైవర్లూ రావాలి. గాలి దించడం, నింపడం, ఇరుక్కోవడం, తవ్వడం అక్కడ చేసి చూపిస్తాను. రానివారి బండి మోరీబ్ దగ్గరే ఆగుతుంది.

కొత్తబండి, నవంబరు 10, ఉదయం 9.30

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. నా దగ్గర 500 వాట్ అవర్ల పవర్ స్టేషను, అంటే మోసుకెళ్ళే పెద్ద బ్యాటరీ, ఉంది. చిన్న ఫ్రిజ్, నాలుగు దీపాలు, ఫోన్లు?

నక్షత్రకుడు, నవంబరు 10, ఉదయం 10.05

కారు ఫ్రిజ్ ఒక్కటే రోజుకు మూడు వందల నుంచి ఐదు వందల వాట్ అవర్లు తీసుకుంటుంది. ఒక్క రాత్రికి ఫ్రిజ్ ఎందుకు, ఐసు పెట్టె చాలు. పవర్ స్టేషను ఫోన్లకూ, కర్ర మీది దీపానికీ ఉంచండి. బండి బ్యాటరీతో దీపాలు వెలిగించకండి, పొద్దున స్టార్టు కాదు. బ్యాటరీ పడిపోయిన బండిని స్టార్టు చేసే జంప్ స్టార్టరు ఎవరి దగ్గరైనా ఉంటే తీసుకురండి. శిబిరంలో తెల్లని దీపాలు అక్కర్లేదు, తలకు కట్టుకునే దీపాల్లో ఎర్ర వెలుగు ఉన్నవి కొనండి. ఒక్కరు తెల్ల టార్చి వేస్తే ఇరవై మంది కళ్ళు మళ్ళీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. స్పీకరు తెచ్చేవారు దాన్ని బండిలోనే నిద్రపుచ్చాలి.

ట్యాంకరన్న, నవంబరు 10, రాత్రి 10.40

చివరి మాటలు రెండు. చెత్త సంచులు బండి వెనక కట్టుకుని తిరిగి తీసుకెళ్ళండి, శిబిరంలో విప్పి ఉంచకండి. గాలికి ఎగిరిన ప్లాస్టిక్ సంచి ఒంటె తింటుంది, అది కడుపులో ముద్దకట్టి ఒంటె చస్తుంది. ఒంటెకు యజమాని ఉంటాడు, దాని ధర మీ ప్రాడో ధరకన్నా ఎక్కువ కావచ్చు. రాత్రి రోడ్డు మీద కూడా చూసుకోండి, హెడ్‌లైటుకు దాని కాళ్ళే కనబడతాయి.

ఆదివారం తెల్లవారుజామునే బయలుదేరకండి. ఆ దారిలో చలికాలం పొగమంచు పడితే ముందున్న లారీ వెనక దీపం కూడా కనిపించదు. నేను రోజూ నడిపే దారే అయినా ఎండ వచ్చేదాకా ఆగుతాను. ఎవరికి ఏం జరిగినా 999. సిగ్నల్ లేకపోతే దిబ్బ ఎక్కండి, చాలాసార్లు పైన దొరుకుతుంది. మీరున్న చోటు అక్షాంశ రేఖాంశాలు, తిరిగి వచ్చే గంట రాసి ఊళ్ళో ఒకరికి ఇచ్చి వెళ్ళండి. ఆదివారం రాత్రి ఎనిమిదికల్లా మీ నుంచి ఫోను రాకపోతే వాళ్ళు పోలీసులకు చెప్పాలి. ఆ ఒకరు నేనే ఉండమంటే ఉంటాను, ఆ రోజు నాకు డ్యూటీ లేదు.

పడమటిగాలి, నవంబరు 11, రాత్రి 8.15

ఉండండి గారూ, దయచేసి. కాగితం మీకే పంపిస్తాను. వెళ్ళే దారిలో మిమ్మల్ని కలిసి పులిహోర ఇచ్చి వెళ్ళొచ్చా?

ట్యాంకరన్న, నవంబరు 11, రాత్రి 9.30

మదీనత్ జాయెద్ పెట్రోలు బంకు దగ్గర పదకొండు గంటలకు ఉంటాను. గోంగూర కూడా ఉందన్నారు కదా.

కొత్తబండి, నవంబరు 11, రాత్రి 9.52

మోరీబ్ దగ్గర బండి ఆపాక నన్ను లోపలికి ఎవరు ఎక్కించుకుంటారో ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇసుకదారి, నవంబరు 11, రాత్రి 10.01

నా పక్క సీటు ఖాళీగా ఉంది. పార మీరు పట్టుకోవాలి.